మేడమమ్మ తీసేసిన గీత

భోపాల్‌పట్నంలో టవర్ బ్యాటరీలు మార్చే పని మధ్యలో ఆగిపోయింది. బీజాపూర్ నుంచి రావలసిన బండి రాలేదు. టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఊరికే ఫోన్ తీశాను. మా పాత ప్రాజెక్టు వాళ్ళ గ్రూపులో ఎవరో హిందీలో రెండు ముక్కలు పెట్టారు. మేడమ్ ఇక లేరు, హైదరాబాద్‌లో, గుండెపోటు. దాని కింద వరసగా దండాల బొమ్మలు. మధ్యలో ఎవరో చూసుకోకుండా పొద్దుటి పలకరింపు గులాబీ కూడా పంపారు. ఆ గులాబీని ఎవరూ తీసేయలేదు. నేనూ ఒక దండం పెట్టాను. పెట్టాక ఆ ఒక్క వేలి పనితో ఊరుకున్నందుకు సిగ్గేసి ఫోన్ జేబులో పడేశాను.

ఆవిడను మేమంతా మేడమ్ అనే పిలిచేవాళ్ళం. పొట్టి మనిషి. నేత చీర, కాళ్ళకు మాత్రం పరిగెత్తే పిల్లలు వేసుకునే బూట్లు. కారెక్కితే కడుపులో తిప్పుతుందని ముందు సీట్లో కూర్చుని ఒక నిమ్మకాయ ముక్కు దగ్గర పట్టుకునేవారు. దంతెవాడ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కూడా ఆ నిమ్మకాయ వాసన చూస్తూనే, వెనక కూర్చున్న మా ప్రాజెక్టు కల్నల్ గారితో వాదన ఆపేవారు కాదు. గుంటూరు వైపు మాట. కోపం వస్తే ఇంకా మర్యాదగా మాట్లాడేవారు. "తమరు చెప్పింది బాగానే ఉందండీ" అన్నారంటే ఎదుటివాడి పని అయిపోయినట్టే.

మా నాన్న విజయనగరం నుంచి కిరండూల్ గనిలోకి ఎలక్ట్రీషియన్‌గా వచ్చాడు. నేను కాలనీలోనే పుట్టాను. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో హల్బీ, ఆటల్లో గోండీ. టవర్ల పని మీద కోంట వైపు తిరిగి తిరిగి దోర్లీ కూడా పట్టుబడింది. అందుకే ఆ ప్రాజెక్టు వాళ్ళు నన్ను తీసుకున్నారు. అడవిలో ఉన్న భద్రతా దళాల క్యాంపులు, వాటి రేడియోలు, టవర్లు, పైన ఎగిరే కెమెరాలు, గాయపడిన జవాన్లను మోసుకుపోయే హెలికాప్టర్లు, వీటన్నిటినీ ఒకే వ్యవస్థగా కలపాలన్నది పని. అన్నిటికీ కలిపి నమూనా గీసేది మేడమ్. ఆవిడ ఉద్యోగం పేరులో ఆర్కిటెక్ట్ అని ఉండేది.

బచేలీ గెస్ట్‌హౌస్‌లో మొదటిరోజు, బిల్డింగులు కడతారా మేడమ్ అని అడిగాను. నవ్వలేదు. ఇల్లు కట్టేటప్పుడు ఎన్ని బొమ్మలు గీస్తారో తెలుసా అని అడిగారు. తాపీమేస్త్రీకి ఒకటి, కరెంటువాడికి ఒకటి, నీళ్ళ పైపులవాడికి ఒకటి, ఇంటాయనకు చూపించి ఒప్పించడానికి రంగులేసింది ఒకటి. యుద్ధం పనికీ అంతేనట. పై అధికారి చూసే బొమ్మ వేరు, రేడియో చెవికి పెట్టుకున్నవాడి బొమ్మ వేరు, డబ్బు మంజూరు చేసేవాడిది వేరు, పాడైతే బాగుచేసే నాలాంటివాడిది వేరు. ఏ బొమ్మ ఎలా గీయాలో, ఒకదానికొకటి ఎలా సరిపోవాలో చెప్పే పద్ధతి ఒకటుంది. ఆ పద్ధతి ప్రకారం నడిపించడమే తన పని.

"అన్నీ ఒకే ఇంటి బొమ్మలు కావాలయ్యా. ఒక బొమ్మలో తలుపున్న చోట ఇంకో బొమ్మలో గోడ ఉందనుకో, తల పగిలేది బొమ్మ గీసినవాడిది కాదు" అన్నారు.

ఢాబాలో అన్నం వచ్చేలోపు బల్ల మీదున్న వస్తువులన్నీ తన ముందుకు లాక్కునేవారు. గ్లాసు క్యాంపు, ఉప్పుడబ్బా టవరు, చెంచా హెలికాప్టరు, ఊరగాయ సీసా జగదల్‌పూర్ ఆసుపత్రి. వాటి మధ్య నీళ్ళలో వేలు ముంచి గీతలు గీసేవారు. తర్వాత ఉప్పుడబ్బా తీసి ఒళ్ళో దాచుకుని, "ఇప్పుడిది లేదు. ఆ సంగతి ముందు ఎవరికి తెలుస్తుంది?" అనేవారు. జవాబు తప్పయితే పెరుగు మాకు దక్కదు. డ్రైవరుతో సహా అందరం ఆడేవాళ్ళం ఆ ఆట. ఒకసారి సుక్మా దగ్గర ఢాబా యజమాని కూడా వచ్చి నిలబడి, చెంచా తీసేసినా గ్లాసుకు తెలియదు మేడమ్, అది వస్తుందనుకుని ఎదురుచూస్తూ ఉంటుంది అని హిందీలో చెప్పాడు. మేడమ్ అతనికి తన పెరుగు గిన్నె ఇచ్చేశారు.

ఊళ్ళు చూడాలని పట్టుబట్టింది ఆవిడే. ఊళ్ళతో మనకేం పని, మన బొమ్మలో ఊళ్ళు లేవు కదా అన్నారు పైవాళ్ళు. లేవు కనకే చూడాలన్నారు. చివరికి కోంట బ్లాకులో ఎర్రబోరు దాటాక లోపలికి, వాగు అవతల ఉన్న ఒక ఊరికి నన్ను వెంటబెట్టుకుని నడిచి వెళ్ళారు. ఊరి పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో ముందుకు పోతే తెలుస్తుంది.

మొదటి ఇంట్లో ఒక పెద్దామె వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. అరవై దాటి ఉంటాయి. మేడమ్ కంటే కాస్త పెద్దది. మేడమ్ పోయి ఆమె పక్కన నేల మీదే కూర్చుని, "వదినా, ఒక చెయ్యి వెయ్యనా?" అన్నారు. ఆమె ఈవిడ బూట్ల వంక చూసి, నా వంక చూసి, కత్తిపీట పక్కకు జరిపింది. డాక్టరమ్మ, టీచరమ్మ అన్నట్టే ఈవిడకు మేడమమ్మ అని పేరు పెట్టింది. ఆ ఊళ్ళో అదే ఖాయమైంది.

ఆమె కొడుకు నవ్వు మొహం మనిషి, గట్టివాడు. అప్పుడే తాటిచెట్టు దిగి వచ్చాడు. ఆకుడొప్పలో కల్లు పోసి మేడమ్‌కి ఇచ్చాడు. గుంటూరు శాకాహారి ఇంటి ఆడమనిషి తాగుతుందా అని నేను చూస్తున్నాను. ఆవిడ కళ్ళు మూసుకుని మందు తాగినట్టు తాగేసి, పులిసిన మజ్జిగలా ఉందన్నారు. అతను పడీ పడీ నవ్వాడు. పెళ్ళాన్ని పిలిచి ఆ మాట మళ్ళీ చెప్పించాడు.

ఎవరికైనా దెబ్బ తగిలితే ఏం చేస్తారని మేడమ్ అడిగారు. అతనే చెప్పాడు. మంచాన్ని బొంగుకు కట్టి భుజాల మీద వాగు దాటిస్తారు. రోడ్డెక్కాక ఆటో దొరికితే కోంట, అక్కణ్ణుంచి భద్రాచలం. వానాకాలం వాగు పొంగితే? పొంగితే తగ్గేదాకా ఉంటారు. వాగుకు ఇటువైపే, అడవి బాటలో పోతే క్యాంపు ఉంది కదా అని అడిగారు. ఉందన్నాడు, అంతే.

మేడమ్ పుల్ల తీసుకుని మట్టిలో ఊరిని గుండ్రంగా గీశారు. క్యాంపును నలుపలకగా గీశారు. రెంటి మధ్య గీత గీసి, ఇక్కణ్ణుంచి అక్కడికి కబురొస్తే హెలికాప్టర్ వచ్చేట్టు పెడతానని చెప్పారు. కొడుకు ముందుకు వంగి చూశాడు. అతనికి నచ్చింది. తల్లి చింతపండు చేతులతోనే చాలాసేపు చూసింది.

"ఈ గీత ఎవలెవలికి కనవడ్తది, మేడమమ్మా?" అంది.

ఆఫీసులో వాళ్ళకు, పైవాళ్ళకు అన్నారు మేడమ్.

"ఇయ్యాల ఆఫీసోళ్ళకు. రేపు? ఈ ఊరోళ్ళు కబురు జెప్తున్రని ఒకడొచ్చి కొడ్తడు. జెప్తలేరని ఇంకొకడొచ్చి కొడ్తడు. నువ్వు మంచిదానివే. నీ కాయితం నీ తాన్నే ఉండదు గదా. మా ఊరిని దాని మీదికి ఎక్కియ్యకు."

కొడుకు ఏదో అనబోతే చేత్తో వారించింది. మేడమ్ అరచేత్తో ఆ గీతను చెరిపారు. తర్వాత గుండ్రాన్ని కూడా చెరిపారు. నలుపలక ఒక్కటీ మిగిలింది.

బచేలీ తిరిగొచ్చాక కంప్యూటర్లో ఉన్న నమూనాలో కూడా ఊళ్ళ గళ్ళన్నీ తీసేశారు. ఆమె చెప్పింది నిజమేనయ్యా, గీత అంటే కబురు నడిచే దారే కాదు, తుపాకీ నడిచే దారి కూడా అన్నారు. వేరే ఉపాయం ఏదో ఉంటుంది, తర్వాత ఆలోచిద్దామన్నారు. ఆ తర్వాత హైదరాబాద్‌లో సమీక్ష జరిగింది. ఈసారి నమూనా ఎంత తేలిగ్గా, శుభ్రంగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారట. ఆవిడ ఆ మెప్పు తీసుకుని ఊరుకున్నారు. ఊళ్ళు ఎందుకు పోయాయో, వాటితోపాటు ఏం పోయిందో ఆ గదిలో చెప్పలేదు. ఇది నాకు ఆవిడే చెప్పారు, చాలా తర్వాత.

మరుసటి ఏడాది వానలకు ఆ వ్యవస్థ నడుస్తోంది. టవర్లో ఏదో పాడైతే బాగుచేయడానికి నేను ఆ వాగు దగ్గరి క్యాంపులో ఉన్నాను. పొద్దున ఎండ బాగా కాసింది. పదిమంది మనుషులు ఒక మంచాన్ని మోసుకుంటూ అడవి బాటలోంచి వచ్చి గేటు ముందు దించారు. మంచం మీద ఉన్నది ఆ రోజు మేడమ్‌కి కల్లు పోసిన కొడుకు. రాత్రి గాలికి విరిగి వేలాడుతున్న కొమ్మ, పొలంలో అతను నాగలి కడుతుండగా మీద పడిందట. తొడ నుజ్జయింది. పొట్ట ఉబ్బుతోంది. రోడ్డు వైపు వాగు పొంగి ఉంది కనక ఎన్నడూ రాని ఈ దారిన వచ్చారు. మంచం పక్కనే చెయ్యి పట్టుకుని నడిచొచ్చింది అతని తల్లి. నన్ను గుర్తుపట్టింది.

ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. గేటు తీశారు. క్యాంపులోని నర్సు జవాను కట్టు కట్టి సెలైన్ పెట్టాడు. లోపల రక్తం పోతోంది, ఇక్కడ నావల్ల కాదన్నాడు. క్యాంపు అధికారి స్వయంగా రేడియో అందుకుని హెలికాప్టర్ కావాలన్నాడు. కంట్రోల్ రూమ్ నుంచి గొంతు స్పష్టంగా వచ్చింది. గాయపడినవాడు ఏ యూనిట్ అని అడిగింది. యూనిట్ కాదు, ఊరి మనిషి అన్నాడు అధికారి. ఆగండి, అడిగి చెబుతాం అన్నారు. నిజంగానే అడిగారు. వాళ్ళు ఇంకొకరిని అడిగారు, ఆ ఇంకొకరు మరొకరిని. ఎవరూ కాదనలేదు. అవుననే హక్కు ఎవరికుందో ఎవరికీ తెలియలేదు. హెలికాప్టర్ తయారుగానే ఉందని పైలట్ రెండుసార్లు చెప్పాడు. చివరికి ఎవరో సరేనన్నారు. అప్పటికి మబ్బు కొండల మీదికి దిగి హెలికాప్టర్ ఎగరలేకపోయింది. మధ్యాహ్నానికి అతను పోయాడు. తల్లి చెయ్యి వదల్లేదు. తాటిచెట్టు ఎక్కే ఆ అరికాళ్ళ మీద మట్టి అలాగే ఉంది.

సాయంత్రం మేడమ్‌కి ఫోన్ చేశాను. అంతా విన్నారు.

"రేడియో పనిచేసిందా?" అన్నారు.

బ్రహ్మాండంగా చేసింది మేడమ్, ప్రతి మాటా వినపడిందని చెప్పాను.

"పాడైపోయి ఉన్నా బాగుండేదయ్యా" అని పెట్టేశారు.

వానలు కాస్త వెనకబట్టాక వచ్చారు. ఆఫీసు పని మీద కాదు, సెలవు పెట్టి, భద్రాచలం దాకా బస్సులో, అక్కణ్ణుంచి నాతోపాటు కోంటకు ఆటోలో. చేతిలో నిమ్మకాయ లేదు. దారిలో వాంతి అయింది. కొంగుతో మూతి తుడుచుకుని, ఫర్వాలేదు పోనివ్వు అన్నారు. దారిలో టీకి ఆగితే బల్ల మీద గ్లాసులు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఆవిడ వాటి వంక చూడలేదు కూడా.

పెద్దామె వాకిట్లోనే ఉంది. కోడలు నీళ్ళు తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ బయటికి రాలేదు. మేడమ్ నేల మీద కూర్చున్నారు. ఏదో చెప్పాలని దారంతా కూడబలుక్కుంటూ వచ్చారని నాకు తెలుసు. పెదాలు కదలడం నేను చూశాను. తీరా నోరు తెరిచేలోపు ఆమే అంది.

"గీత తీసెయ్యమన్నది నేనే గదా."

"తీసింది నేను వదినా."

"నేను జెప్పకపోతే తీసెటిదానివా?"

మేడమ్ తల అడ్డంగా ఊపారు. వెంటనే, అది కాదు అన్నట్టు చెయ్యి కూడా ఊపారు. నువ్వు తీయమన్నది ఊరిని, మనిషి వచ్చే దారి మూసెయ్యమని నువ్వు అనలేదు, రెండూ ఒకటి కాదని తెలియాల్సింది నాకు, చదువుకున్నది నేను, అన్నీ ఒకటే గొంతులో చెప్పుకుపోయారు. సగం ఆమెకు అర్థం కాలేదు. నన్ను చూసింది. నేను దోర్లీలో చెప్పబోతే వద్దంది.

"నువ్వు సంపలే. నేను సంపలే. ఆ కొమ్మ సంపింది. అట్లని నిద్రొస్తదా? నాకొస్తలేదు."

"నాకూ రావడం లేదు."

"నాకు తెల్వదా. మొకం చూస్తె తెలుస్తలే?"

కోడలు లోపల దేన్నో దంచుతోంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా పెద్దామె తల తిప్పి లోపలికి చూసేది. దంపుడు మళ్ళీ మొదలైతే ఇటు తిరిగేది.

మేము లేస్తుండగా ఆమె మేడమ్ మణికట్టు పట్టుకుంది. "ఊరును ఎక్కియ్యొద్దు. ఇప్పటికీ అదే అంట. అయితే, గేటు కాడికి మనిషొచ్చిండంటే మనిషిని ఎత్తుకపోవాలె. ఏ ఊరని అడగొద్దు. ఎవని కొడుకని అడగొద్దు. అట్ల రాస్తవా?"

రాస్తాననలేదు మేడమ్. ఆ మాట మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది.

నమూనా మార్చడం పెద్ద పని కాదట. ఊళ్ళ గళ్ళు అక్కర్లేదు. ఉన్న ప్రతి క్యాంపు గేటూ ఒక గడి అవుతుంది. గేటు దగ్గరికి ప్రాణాపాయంలో ఏ మనిషి వచ్చినా ఆ క్యాంపు అధికారే నేరుగా హెలికాప్టర్‌ను పిలవచ్చు. యూనిట్ అడగరు. ఊరు అడగరు, రాసుకోరు. మిగతా బొమ్మలన్నిటిలో దానికి తగ్గట్టు తలుపులు పెట్టుకుంటూ పోవాలి. నెల తిరక్కుండా గీసేశారు. చిక్కు వచ్చింది ఒక్క మాట దగ్గర. ఎందుకు మారుస్తున్నారో చెప్పవలసిన చోట ఆవిడ 'నా తప్పు వల్ల' అని రాశారు. సవరణ అని రాయండి మేడమ్, అవసరం మారింది అని రాయండి, వెంటనే దాటిపోతుంది అని పైవాళ్ళు చెప్పారు. తప్పు అని రాస్తే విచారణ వేయాలి, బాధ్యులెవరో తేల్చాలి, కాగితం ఇక్కడే ఆగిపోతుంది అని బతిమాలారు కూడా. ఈవిడ వినలేదు. నన్ను సాక్షిగా హైదరాబాద్ పిలిపించారు. పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళ ముందు నిలబడి, తన నమూనాను తానే తప్పుపడుతూ, శత్రువుది గీసి చూపించినట్టు గంటసేపు చూపించారు. అందరూ తలలు వంచుకుని విన్నారు. ఫైలు వెనక్కి వచ్చింది. మళ్ళీ పంపారు, అదే మాటతో. మళ్ళీ వచ్చింది. మధ్యలో ఒక వానాకాలం గడిచిపోయింది.

ఆ వానలప్పుడు ఒకరోజు ఫోన్ చేసి, గేట్ల దగ్గరికి ఎవరైనా వచ్చారా అని అడిగారు. ఎవరూ రాలేదు మేడమ్, ఎవరికీ ఏమీ కాలేదు అన్నాను.

"నీకు తెలిసినంతలో" అన్నారు.

అవును, నాకు తెలిసినంతలో.

నాతో కాదు, తనతో అనుకుంటున్నట్టు అన్నారు. "తప్పు ఒప్పుకోవడం నాకు ముద్దొచ్చిందయ్యా. ఆ ముద్దులో పడి ఏడాది పోగొట్టాను. నేను మంచిదాన్నని నా సంతకంతో రాయించుకోవాలని కూర్చున్నాను. అక్కడ వాగు పొంగుతూనే ఉంది."

మర్నాడే ఆ మాట కొట్టేసి 'సవరణ' అని రాసి పంపారు. వారం తిరక్కుండా మంజూరయింది. దానికి ఆవిడ సంతోషించారని నేననుకోను. ఇంత తేలిగ్గా అయ్యేదాన్ని ఇన్నాళ్ళు ఆపింది నేనేనన్న లెక్క ఇంకొకటి చేరింది. మొదటిదానికి కనీసం చింతపండు వదిన భాగం పంచుకుంది. దీన్ని పంచుకోవడానికి ఎవరూ లేరు.

ఆ తర్వాత పదవీ విరమణ చేశారు. అయినా వానలు మొదలైతే ఫోన్ వచ్చేది. అడిగేది సూటిగా అడిగేవారు కాదు. ఘాట్ రోడ్డు ఎలా ఉంది, కాలనీలో అమ్మకు మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఎర్రబోరులో ఇంకా ఆ సంత జరుగుతుందా అని చుట్టూ తిరిగి, చివర్న చల్లగా, అటు విశేషాలేమిటి అనేవారు.

ఒకసారి నిజంగానే విశేషం ఉంది. జగర్గుండా వైపు ఒక క్యాంపు గేటుకు నిండుచూలాలిని మంచం మీద తెచ్చారు. బిడ్డ అడ్డం తిరిగింది. అధికారి పిలిచాడు, హెలికాప్టర్ వచ్చింది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆసుపత్రిలో తల్లీ బిడ్డా దక్కారు. ఈసారి నేనే ఫోన్ చేసి ఒక్క గుక్కలో చెప్పాను. ఆవిడ ఏడుస్తారనుకున్నాను, నవ్వుతారనుకున్నాను.

"ఊరి పేరు రాసుకున్నారా?" అన్నారు.

లేదు మేడమ్, ఎవరూ రాసుకోలేదు అని చెప్పాను.

"మంచిది" అని పెట్టేశారు. కాసేపటికి తిరిగి చేశారు. ఆ రోజు అక్కడ ఆకాశం ఎలా ఉందని అడిగారు. తేటగా ఉంది, మబ్బు తునక లేదన్నాను.

"అతన్ని తెచ్చిన పొద్దున కూడా మబ్బు లేదన్నావు కదా" అన్నారు. అవునన్నాను. ఇక ఆ మాట పొడిగించలేదు. అమ్మ మోకాళ్ళకు ఏదో నూనె పేరు చెప్పారు. మేము మాట్లాడుకున్నది అదే ఆఖరు.

భోపాల్‌పట్నం పని ముగించుకుని కిరండూల్ రాగానే రెండు రోజులు సెలవు పెట్టి కోంట వెళ్ళాను. ఆ గ్రూపులో లేని మనిషి ఒకామె ఉంది. ఆమెకు ఫోన్ లేదు. ఎవరూ చెప్పరు.

వాగు మీద ఇప్పుడు వంతెన పని నడుస్తోంది. ఊళ్ళో కొత్తల పండుగ రోజులు. కొత్త వడ్లు దంచి, ముందు పోయిన పెద్దలకు పెట్టిగాని తినరు. పెద్దామె బాగా వంగిపోయింది. నన్ను చూడగానే మేడమమ్మ ఏదీ అని నా వెనక్కి చూసింది. చెప్పాను. ఎట్ల అని అడిగింది. గుండె ఆగిందన్నాను. దగ్గర ఎవలన్న ఉన్నరా అని అడిగింది. చెల్లెలు ఉందట అన్నాను. తల ఊపి లేచి లోపలికి వెళ్ళింది. పెద్దల కుండ ఉండే లోపలి గదిలో ఆకు పరిచి కొత్తన్నం పెడుతూ కొడుకు పేరు పిలవడం నాకు వినపడింది.

తర్వాత ఇంకో ఆకు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. కోడలు ఎదురొచ్చి, బయటి మనిషిని మన పెద్దలతో కలుపుతరా అంది. ఆమె గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది.

"లోపల పెడ్తలేను. గడప కాడ పెడ్త. ఆమె కూడా మనోని కోసం నిద్ర కాసింది" అంది పెద్దామె.

కోడలు ఒక్క క్షణం నిలబడి, పక్కకు తప్పుకుంది. పెద్దామె గడప బయట ఆకు పరిచి, పిడికెడు అన్నం పెట్టి నా వైపు తిరిగింది.

"పేరేంది బిడ్డా, ఆమెది? పేరు లేకుండ పిలిస్తె ఎవలొస్తరు?"

చెప్పాను. సంస్కృతం పేరు, పొడుగుది. ఆమె నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పించుకుంది. పెదాలతో ఒకసారి, రెండుసార్లు అనుకుని చూసుకుంది. తర్వాత ఆకు ముందు కూర్చుని, పొలంలో ఉన్న మనిషిని అన్నానికి కేకేసినట్టు గట్టిగా పిలిచింది, సగం తప్పుగా. సరిచేద్దామని నేను లేవబోయాను. ఆమె అప్పటికే రెండోసారి పిలుస్తోంది. మళ్ళీ కూర్చున్నాను.